సభలో చుట్ట మర్యాద కాదు

పంచాయతీ సభ్యులారా!

మనము నేడు సమావేశమైన ఈ మూసారాంబాగునకు, 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మీదుగనే ఆ పేరు వచ్చినదందురు. ఆయన సమాధి సమీపముననే కలదు. ఆయన వర్ధంతినాడు నిజాము ప్రభువు అచ్చటికి చుట్టల పెట్టెను పంపెడివాడని ప్రతీతి. పల్లెలలో కూడ రచ్చబండకు వచ్చిన పెద్దకు చుట్ట నందించుట పాత మర్యాదయే.

అయితే సమాధికి పంపిన చుట్ట ఎవరికిని హాని చేయలేదు. సభలో ముట్టించిన చుట్ట పొగను ప్రక్కనున్న గర్భిణియు, పసిబిడ్డయు పీల్వవలసివచ్చును. కావుననే 2003 నాటి చట్టము బహిరంగస్థలములందు ధూమపానమును నిషేధించి, 200 రూపాయల వరకు జరిమానా నిర్ణయించినది. 2008 అక్టోబరు 2 నుండి అమలునకు వచ్చిన నియమముల ప్రకారము బస్సు స్టాపు కూడ బహిరంగస్థలమే. కార్యాలయ ద్వారము కడ నిషేధ ఫలకము నుంచుట, లోపల బూడిద పళ్లెములు లేకుండ చూచుట ఆ కార్యాలయ బాధ్యుల విధి. గంజాయి మాట వేరు. 1985 చట్టము ననుసరించి దానిని ఇంటిలో పీల్చినను నేరమే.

‘మా స్వేచ్ఛ మాటేమి?’ యని కొందరడుగుదురు. పొగ త్రాగువాడు బస్సు వచ్చువరకు ఆగగలడు. ప్రక్కనున్న బిడ్డ ఊపిరి ఆపుకొనజాలదు.

ఇక ఒక చిక్కు కలదు. ‘చుట్ట ఆర్పుడు’ అని పెద్దలతో చెప్పుటకు చిన్నవారు జంకుదురు. వారు అడుగకమునుపే మనమే ఆర్పవలెను. రాబోవు పంచాయతీ సమావేశముననే ఈ కార్యము నారంభింపుడని మేము మనవి చేయుచున్నాము.