ఆమె చెప్పిన మాట - దారిలో దాని భద్రత
(జిల్లా కేంద్రాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నాకిచ్చిన అంశం కంప్యూటర్ల మధ్య ఫైళ్లను భద్రంగా పంపుకోవటం. ఇది సాంకేతిక విషయం, మన పనికీ దీనికీ ఏమిటి సంబంధం అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన దగ్గరికి వచ్చే స్త్రీ తరచుగా ముందు అడిగే మాట "ఇది ఎవరికీ తెలియదు కదమ్మా?" అనే. తెలియదని మనం మాటిస్తాం. ఆ మాట మీదనే ఆమె నోరు విప్పుతుంది. ఇంట్లో ఏం జరిగిందో, ఇప్పుడు ఎవరి నీడన తలదాచుకుంటోందో చెబుతుంది. మనం దాన్ని టైపు చేసి, ఆసుపత్రి కాగితాలు, దెబ్బల ఫోటోలు జతచేస్తాం. ఆ ఫైలు జిల్లా కేంద్రం నుంచి ప్రధాన కార్యాలయానికి వెళ్లాలి. ఆ దారిలో మనమిచ్చిన మాట నిలబడుతోందా?

చట్టం కొంతవరకు మాట్లాడింది. అత్యాచార బాధితురాలి గుర్తింపును బయటపెడుతూ అచ్చువేయటం, ప్రచురించటం 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 228-ఎ సెక్షన్ ద్వారా నేరమైంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. రెండేళ్ల వరకు జైలు, జరిమానా. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అయితే ఆమె చిరునామా భర్త తరఫు వాళ్ల చేతికి చేరటానికి పత్రికలో అచ్చవనక్కరలేదు. ఒక్క కాపీ ఎక్కడో మిగిలిపోతే చాలు. అప్పుడు ఆమె ప్రాణానికే ముప్పు.

మనం ఇప్పుడు ఫైళ్లు ఎలా పంపుతున్నాం? పెన్‌డ్రైవులో వేసి బస్సులో ఎవరిచేతో పంపుతున్నాం. ఈమెయిల్‌లో పెడితే రెండువైపులా పెట్టెల్లో ఏళ్ల తరబడి ఉండిపోతోంది. వాట్సాప్‌లో దారి భద్రమే, కాని ఫోటో అవతలి ఫోను గ్యాలరీలో చేరవచ్చు. ఆ ఫోను ఇంట్లో ఎందరి చేతుల్లో తిరుగుతుందో మీకు నేను చెప్పక్కరలేదు.

దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. పూర్వం నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపే ఆర్‌సీపీ వంటి సాధనాలు సమాచారాన్ని ఉన్నదున్నట్టు పంపేవి, పోస్టుకార్డు మాదిరి. దారిలో ఉన్న ఎవరైనా చదవవచ్చు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించారు. ఆ తర్వాత అక్కడి పరిశోధకుడు టాటు యులొనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిని తయారుచేశాడు. అందులో సమాచారం సంకేత రూపంలోకి మారి వెళుతుంది. మధ్యలో ఎవరూ చదవలేరు, మార్చితే తెలిసిపోతుంది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను ఉచితంగా విడుదల చేసింది. దానితో వచ్చే ఎస్‌సీపీ అనే ఆదేశమే మనకు కావలసింది. లైనక్స్‌లో ఇది సాధారణంగా ఉంటుంది. విండోస్ 10లో 2018 నుంచి వస్తోంది.

వాడటం తేలిక. కమాండ్ తెరలో ఎస్‌సీపీ అని కొట్టి, ఖాళీ వదిలి, పంపవలసిన ఫైలు పేరు రాయాలి. మళ్లీ ఖాళీ వదిలి, అవతలి కంప్యూటర్లో మన లాగిన్ పేరు, ఎట్ గుర్తు, ఆ కంప్యూటర్ చిరునామా, కోలన్, ఫోల్డర్ పేరు - ఇవన్నీ ఖాళీ లేకుండా రాసి ఎంటర్ నొక్కాలి. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కనబడదు, కంగారుపడకండి. కోలన్ మాత్రం మరవకూడదు. అది లేకపోతే ఫైలు ఎక్కడికీ వెళ్లదు, మన కంప్యూటర్లోనే ఆ చిరునామా పేరుతో ఇంకో కాపీ తయారవుతుంది. పంపామనుకుని లేచిపోతాం. ఆమె కథ అక్కడ ఎవరి కంటైనా పడేలా మిగిలిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మొదటిసారి కలిపినప్పుడు వచ్చే ప్రశ్న. అవతలి కంప్యూటర్ తన వేలిముద్రను, అంటే పొడవాటి అక్షరాల వరుసను, చూపిస్తుంది. "దీన్ని నమ్మవచ్చునా?" అని మన కంప్యూటర్ అడుగుతుంది. చాలామంది చదవకుండానే అవునంటారు. అవతల ఉన్నది మన కార్యాలయమో, దాని వేషం వేసిన మరొకరో అక్కడే తేలాలి. తలుపు తట్టినవాళ్లెవరో చూడకుండా గడియ తీస్తామా? ప్రధాన కార్యాలయంలోని కార్యకర్తకు ఫోన్ చేసి వేలిముద్రను అక్షరం అక్షరం పోల్చుకోండి. ఒకసారి నమ్మిన తర్వాత కంప్యూటర్ దాన్ని గుర్తుంచుకుంటుంది. ఎప్పుడైనా గుర్తు మారిందని పెద్ద హెచ్చరిక వస్తే పని ఆపి, కారణం కనుక్కోండి. కొత్త కంప్యూటర్ పెట్టి ఉండవచ్చు, మరొకటి కూడా కావచ్చు.

పెద్ద ఫైలు మధ్యలో కరెంటు పోతే ఎస్‌సీపీ మళ్లీ మొదటినుంచి పంపాలి. లైనక్స్ ఉన్నవాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఆర్‌సింక్ వాడి, సగంలో ఆగినదాన్ని ఉంచమని ముందే చెబితే అక్కడినుంచి కొనసాగించవచ్చు. ఇందులో చిరునామా తర్వాత ఒక్క కోలనే పెట్టాలి. రెండు పెడితే సంకేతరక్షణ లేని వేరే దారిలో పోతుంది.

ఇక తాళం చెవి సంగతి. చాలాచోట్ల అందరికీ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డు. అది గోడమీద కాగితంపై కూడా ఉంటుంది. కంప్యూటర్ బాగుచేసే అబ్బాయికీ తెలుసు. అతను చెడ్డవాడని నేననటం లేదు. ఆమె అతనికి చెప్పుకోలేదు, మనకు చెప్పుకుంది. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆదేశంతో ప్రతి కార్యకర్తా తన సొంత తాళం జత తయారుచేసుకోవచ్చు. అందులో బహిరంగ భాగాన్ని కార్యాలయ కంప్యూటర్‌లో ఉంచాలి. రహస్య భాగం తన కంప్యూటర్ దాటకూడదు, దానికీ ఒక రహస్యవాక్యం పెట్టుకోవాలి. ఎవరైనా సంస్థ విడిచి వెళితే ఆ ఒక్క పేరు తీసేస్తే చాలు, అందరి తాళాలూ మార్చనక్కరలేదు. పాస్‌వర్డుతో లోపలికి రావటాన్ని అప్పుడు పూర్తిగా ఆపివేయవచ్చు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఇది దారిని మాత్రమే కాపాడుతుంది. రెండు చివరలా కాపాడవలసింది మనం. చేరిన ఫైలును అదే కంప్యూటర్ వాడే ఇతరులు తెరవకుండా అనుమతులు తగ్గించాలి. ఫైలు పేరులో ఆమె పేరు, ఊరు రాయకుండా కేసు నంబరే రాయాలి. డిస్కును సంకేతరక్షణతో ఉంచాలి. అవసరం తీరిన కాపీలు తీసివేయాలి. నెట్ సెంటర్‌లో ఈ పని అసలు చేయకూడదు, మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ ఆ యంత్రం రాసిపెట్టుకోవచ్చు.

"ఇవన్నీ మగపిల్లలు చూసుకుంటారులే" అనే మాట మన కార్యాలయాల్లోనూ వినిపిస్తుంది. ఒకప్పుడు బ్యాంకు ఖాతా, భూమి పట్టా, పోలీసు ఫిర్యాదు గురించి కూడా ఇదే మాట అన్నారు. అవి నేర్చుకున్నాం, ఇదీ నేర్చుకుంటాం. వచ్చే మూడు నెలల్లో ప్రతి కేంద్రంలో కనీసం ఇద్దరు కార్యకర్తలు సొంత తాళాలు చేసుకోవాలని, కేసు ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో పంపటం మానాలని ప్రతిపాదిస్తున్నాను. మధ్యాహ్నం ఒక ఖాళీ ఫైలుతో అందరం చేసి చూద్దాం. ఒక్కొక్కరూ స్వయంగా కీబోర్డు ముందు కూర్చోవాలి, పక్కవాళ్లు చేస్తుంటే చూస్తే రాదు.