రెండు స్వల్పకాలపు ప్రభుత్వములు: ప్రకాశం పంతులుగారు
(కోసాడ్ తెలుగు సభలో చదువబడిన ఉపన్యాసము)



తాపీనదికి ఉత్తరముననున్న ఈ కోసాడ్‌లో కాపురమున్న తెలుగు కుటుంబములకు రెండు విషయములు నిత్యపరిచితములు. ఒకటి సూరతు మరమగ్గముల చప్పుడు. రెండవది గుజరాత్ రాష్ట్రము 1960లో ఏర్పడిన నాటినుండియు అమలులోనున్న మద్యనిషేధము. బట్ట, కల్లు — ఈ రెండింటి చిక్కులలోనే ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి రెండు ప్రభుత్వములును తగుల్కొనినవి.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెములో జన్మించిరి. తండ్రి గతించిన పిదప తల్లి పూటకూళ్ల యిల్లు నడిపి ఆయనను చదివించెను. రాజమహేంద్రవరమున వకీలై, ఇంగ్లండులో బారిస్టరై, మద్రాసులో లక్షలార్జించి, 1921లో ఆ వృత్తిని విడిచి ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించిరి. ఆర్జించిన సొమ్మంతయు దానికే ధారపోసిరి. 1928లో సైమన్ కమిషన్ నాటి కథ పిల్లలకును తెలిసినదే, ఇచట చెప్పనక్కరలేదు.

1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాజధానికి ప్రధాని అయిరి. ఫిర్కా అభివృద్ధి పథకము, ఖద్దరు — ఇవి ఆయన పెట్టుకొనిన పనులు. నూలుమిల్లులు పెరుగరాదు, గ్రామమున రాట్నము తిరుగవలెనని పట్టుబట్టిరి. సంకల్పము గొప్పదే. కాని చేనేతవారికే మిల్లునూలు కావలసియుండెనన్న సంగతిని పంతులుగారు తగినంతగా ఆలోచించినట్లు తోచదు. మిల్లు యజమానుల విరోధమునకు తోడు కాంగ్రెసు శాసనసభ్యులలో ముఠాలు ప్రబలినవి. 1947 మార్చి 23న ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ఆ స్థానమునకు వచ్చిరి. పదకొండు మాసములైనను నిండలేదు. వకీలుగా లక్షలు గణించినవారు శాసనసభలో తలలు గణింపలేకపోయిరి.

రెండవ అవకాశము 1953 అక్టోబరు 1న వచ్చినది. ఆంధ్రరాష్ట్రము అవతరించినది, కాంగ్రెసును విడిచిపోయిన పంతులుగారు కాంగ్రెసు బలముతోనే ముఖ్యమంత్రి అయిరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. రాజధాని కర్నూలు, చాలినన్ని కట్టడములు లేక కచేరీలు గుడారములలో నడచినవి. ఎండకు, గాలికి కాగితములు పట్టుకొని పనిచేసిన ఆ గుమాస్తాల ఓర్పును ప్రభుత్వోద్యోగులైన శ్రోతలు గ్రహింపగలరు. ఆ స్వల్పకాలములోనే గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినవి. 1952లో గండిపడిన పాత కృష్ణ ఆనకట్టకు బదులుగా నూతన బరాజి పనియు ఆ యేటనే ఆరంభమైనది.

ఇంతలో కల్లు అడ్డము వచ్చినది. మద్రాసునుండి సంక్రమించిన మద్యనిషేధము వలన గీతపనివారు జీవనోపాధి కోల్పోయి ఆందోళన చేయుచుండిరి. విచారణకు ఏర్పడిన రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపవలెనని సిఫారసు చేసెను. ప్రభుత్వము దానిని అమలుజరుపలేదు. నిషేధమును వదలిన కాంగ్రెసునకు నియమభంగము. వదలకున్న చెట్టెక్కువాని యింట పొయ్యి రాజదు. గీతపనివారి పక్షమున ప్రతిపక్షములు ఏకమైనవి. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానము 69 వోట్లతో నెగ్గెను. ప్రభుత్వపక్షమునకు వచ్చినవి 68. ఒక్క వోటు! నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చెను. అప్పటికి పంతులుగారి వయస్సు 82 సంవత్సరములు.

అటుపిమ్మట 1955 ఎన్నికలలో కాంగ్రెసు కూటమి గెలిచి, బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయిరి. పంతులుగారు మాత్రము ఊళ్లు తిరుగుట మానలేదు. 1957 మే 20న హైదరాబాదులో పరమపదించిరి. కృష్ణపై బరాజి ఆ సంవత్సరాంతమున పూర్తియయ్యెను. దానికి ఆయన పేరే పెట్టిరి.