రొమ్ముపై ఊదారంగు మచ్చ

(మర్రిపాడులో విశ్రాంత ఉద్యోగుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠం)

నేను ఆరోగ్యశాఖలో సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేసినదానను. ఆడవారి రొమ్ము గురించి సభలో మాట్లాడటమేమిటని కొందరనుకోవచ్చు. మగవారూ వినాలి. ఆస్పత్రికి పోవడానికి డబ్బు చాలా ఇళ్ళలో వారి చేతిలోనే ఉంటుంది గదా!

"డిఫ్యూజ్ డెర్మల్ యాంజియోమటోసిస్" అనే అరుదైన చర్మవ్యాధి ఉన్నది. అమెరికా వైద్యులు 1994లో దీనిని ఈ పేరుతో వర్ణించారు. పేరు గుర్తుంచుకోనక్కరలేదు, లక్షణం గుర్తుంచుకోండి. రొమ్ము చర్మంమీద వల పరచినట్లు ఎరుపు, ఊదా మచ్చలు వస్తాయి. నడుమ పుండు పడి, రవిక తగిలినా ఓర్చుకోలేని నొప్పి పెడుతుంది. చర్మానికి రక్తం, ప్రాణవాయువు చాలనప్పుడు శరీరం సన్నని రక్తనాళాలను లెక్కకు మించి పుట్టిస్తుంది. మన మెట్టలో నీరు పడలేదని రైతు బోరు పక్కన బోరు వేసినట్లు! బోర్లు పెరిగినంత మాత్రాన నీరు పెరుగుతుందా?

భారీ రొమ్ములు, ఊబకాయం, షుగరు, బి.పి. ఉన్నవారిలోనూ, ముఖ్యంగా పొగ త్రాగేవారిలోనూ ఇది కనిపించింది. డి.సి.పల్లి పొగాకు వేలం కేంద్రం మన మండలంలోనే ఉన్నది. పంట మనకు కూడు పెట్టింది, కాదనను. కాని పొగ రక్తనాళాలను ముడుచుకుపోయేట్లు చేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో స్త్రీలు అడ్డపొగ త్రాగడం మీరెరిగినదే.

ఇది క్యాన్సరు కాదు, అంటదు. అయితే రక్తనాళాల క్యాన్సరు కూడా ఇలాంటి మచ్చగానే మొదలు కావచ్చు. రొమ్ము క్యాన్సరుకు కరెంటు పెట్టించుకున్నవారికి కొన్నేళ్ళ తరువాత అలాంటి మచ్చ వస్తే ఒక్క వారం కూడా ఆగరాదు. రెంటికీ తేడా కంటిచూపుతో తేలదు, చిన్న ముక్క తీసి పరీక్షించాలి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మన ఊళ్ళలో ఒక భయం ఉన్నది. అది నిజం కాదు. సెగ్గడ్డ అనుకొని ఆకుపసర్లు రాస్తూ నెలలు గడపడమే అసలు ప్రమాదం.

పొగ మానినందువల్లనే పుండ్లు మానినవారున్నారు. కొందరికి ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఇస్తారు; గర్భవతులు వాటిని ముట్టరాదు. మరికొందరికి రొమ్ము బరువు తగ్గించే ఆపరేషన్ చేస్తారు.

వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు తీసుకువెళ్ళండి. చర్మవైద్యునికి చూపాలి, సర్జనుకూ చూపాలి. ఇక్కడ అడగడానికి సంకోచించే అమ్మలు భోజనాలయ్యాక పక్క గదికి రండి. సాయంత్రం బస్సు వరకు నేనక్కడే ఉంటాను.