స్టోరీ మారింది, మరి టెస్ట్ మారిందా?

ఈరోజు టాపిక్ రిక్వైర్‌మెంట్ ట్రేసబిలిటీ. "అజైల్‌లో డాక్యుమెంట్లు ఎందుకండీ?" అని అడుగుతుంటారు. 2001 నాటి అజైల్ మేనిఫెస్టో డాక్యుమెంట్లు వద్దనలేదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఇంకా ఎక్కువ విలువ ఇమ్మంది, అంతే.

ఉదాహరణకి, ఓటీపీ 10 నిమిషాలు పనిచేయాలని స్టోరీ ఉందనుకోండి. స్ప్రింట్ మధ్యలో ప్రొడక్ట్ ఓనర్ 5 నిమిషాలు చాలన్నారు, అదీ చాట్‌లో. కోడ్ మారలేదు, టెస్టూ మారలేదు. 9వ నిమిషంలో ఓటీపీ కొడితే తీసుకుంటుంది, టెస్ట్ పాస్! డ్యాష్‌బోర్డ్ అంతా గ్రీన్. కానీ మనం చెక్ చేసింది పాత రూల్‌ని. రిలీజయ్యాక క్లయింట్ పట్టుకుంటే మొదటి కాల్ ఎవరికొస్తుందో తెలుసు కదా, టెస్టర్‌కే.

అందుకే చాట్‌లో ఏం మాట్లాడుకున్నా, జిరా స్టోరీలో యాక్సెప్టెన్స్ క్రైటీరియా మార్చాలి. ప్రతి టెస్ట్ కేస్‌కీ స్టోరీ నంబర్ లింక్ చేయండి. స్టోరీ మారితే ఆ టెస్టుల పాత "పాస్" లెక్కలోకి రాదు, మళ్లీ చూసి రన్ చేయాల్సిందే. విడిగా ఎక్సెల్ షీట్ పెట్టొచ్చు గానీ, రెండు వారాల స్ప్రింట్‌లో దాన్ని అప్‌డేట్ చేసేవాళ్లని నేనైతే పెద్దగా చూడలేదు.

రిలీజ్‌కి ముందు టెస్ట్ లేని స్టోరీలు వెతకండి. స్టోరీ లేని టెస్టులు కూడా. తీసేసిన ఫీచర్ల టెస్టులు రిగ్రెషన్‌లో ఇంకా రన్ అవుతూనే ఉంటాయి.