పత్తి చేనులో అమ్మ నడుము, ఆఫీసులో మన నడుము



దండారీ రోజుల్లో మనమంతా ఊరికి వస్తాం. డోలు మోగితే కాళ్లు ఆగవు. కానీ ఈ మధ్య హైదరాబాద్ నుంచి వచ్చిన మాలో కొందరం రెండు ఆటలు ఆడగానే నడుం పట్టుకుని పక్కన కూర్చుంటున్నాం. 'పట్నం పోయి మెత్తబడ్డారు' అని పెద్దలు నవ్వితే మేమూ నవ్వేస్తున్నాం. అదే రాత్రి ఇంట్లో అమ్మ గోడకు చేయి ఆనించి లేస్తుంది. ఏమైందంటే 'ఏం లేదు' అంటుంది.

అడవి బిడ్డలకు నడుం నొప్పి రాదని చిన్నప్పటి నుంచి విన్నాం. అది నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో లోకంలో 61.9 కోట్ల మందికి ఈ నొప్పి ఉంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గంటల తరబడి ఒకే తీరుగా కూర్చుంటే నడుం చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోతాయి, బలం తగ్గుతుంది. పొద్దంతా వంగి పత్తి ఏరినా, 50 కిలోల సిమెంటు బస్తా ఎత్తి ఒక్కసారిగా పక్కకు తిరిగినా ఆ కండరాల మీద, వెన్నుపూసల మధ్య డిస్కుల మీద భారం పడుతుంది.

ఆఫీసులో ఉన్నవాళ్లం అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేద్దాం. కుర్చీలో నడుం వెనుక మడిచిన తువ్వాలు పెట్టుకుందాం. బరువు ఎత్తేవాళ్లం మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేద్దాం. తిరగాలంటే నడుం మెలిపెట్టకుండా పాదాలతో తిరుగుదాం.

పత్తి ఏరే అమ్మకు కిలో లెక్కన కూలి. ఆగితే కూలి తగ్గుతుందని ఆమె ఆగదు. 'విశ్రాంతి తీసుకో' అని ఫోన్‌లో చెబితే సరిపోదు. సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఒడి బరువెక్కకముందే పత్తి తీసుకెళ్లి కుప్పలో పోద్దాం. నీళ్ల బిందెలు మనం మోద్దాం.

నొప్పి వచ్చిందని రోజుల తరబడి మంచం పట్టకూడదు. ఓర్చుకోగలిగినంత మేరకు మెల్లగా నడుస్తుంటే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. డాక్టరు చెప్పకుండా రోజూ నొప్పి గోలీలు మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వెన్నుకు టీబీ కూడా వస్తుంది, దానికి మందులున్నాయి.

నొప్పి భయంతో ఆట మానొద్దు. పండుగకు నెల ముందు నుంచే రోజూ కొంచెం నడిచి, కొంచెం ఆడి ఒంటిని సిద్ధం చేసుకుందాం. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక అమ్మ పక్కన కూర్చుని 'నీకు నొప్పి ఎక్కడ?' అని అడుగుదాం. 'ఏం లేదు' అంటే మళ్లీ అడుగుదాం.