సమ్మెలో బడి
(పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఉపాధ్యాయులు సమ్మె చేయవచ్చునా యన్న ప్రశ్నకు న్యాయవాదులమైన మాయొద్ద సిద్ధమైన సమాధాన మొకటి కలదు. 2003లో తమిళనాడు ఉద్యోగుల వ్యాజ్యమున, ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు చదివి మేము సంతోషింపలేదు. తన గౌరవమునకై నిలువలేని బడిపంతులు పిల్లలకు ధైర్యమేమి నేర్పగలడు? కావున నేడు ఆ హక్కును గూర్చి వాదింపబోము. మేము చెప్పవచ్చినది మా తప్పును గూర్చి.

2011 సెప్టెంబరు 13వ తేదీన తెలంగాణమున సకలజనుల సమ్మె మొదలయ్యెను. అది 42 దినములు సాగెను. ఉపాధ్యాయులు మాత్రము అక్టోబరు నడిమికే బడికి మరలిరి. మేమును నల్లకోటులతో వీథికెక్కినవారమే. బడులకు పోయి, బయటకు రండని పంతుళ్ళను వేడినవారమే. ఉద్యమము న్యాయమైనదని నాడు నమ్మితిమి, నేడును నమ్ముచున్నాము. 2014 జూన్ 2న రాష్ట్ర మేర్పడినప్పుడు ఆ దినములను తలచుకొని గర్వపడితిమి. ఆ గర్వములో ఒక ముల్లు గలదు.

బడి మూతపడిననాడు పోయినది పాఠము మాత్రమే కాదు. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తరువును బట్టి మన బడులలో 2003 నుండి మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. పంతులు రానినాడు ఆ పొయ్యి వెలుగుట అరిది. విద్యాహక్కు చట్టము ఐదవ తరగతి వఱకు ఏటికి 200 పనిదినము లుండవలె నన్నది. ఆదివారములు బడి నడిపి ఆ లెక్క పూరింపవచ్చును. తప్పిన అన్నమును ఆదివారమున పెట్టి పూరింపగలమా? తల్లి కూలికి పోగా పెద్దపిల్ల చంటిబిడ్డ నెత్తుకొని ఇంట కూర్చుండును. పత్తి తీయు కాలము రాగానే చేనికి పోవును. చేనికి పోయిన పిల్ల సమ్మె ముగిసిన మఱునాడే బడికి రాదు. మా ఇండ్ల పిల్లలకు మాత్రము సాయంకాలము ట్యూషను మాస్టరు వచ్చుచునే యుండెను. ఉన్నమాట దాచనేల?

రెండేండ్లకు, 2013లో, విభజనను ఎదిరించుచు సీమాంధ్రమున జరిగిన సమ్మెలోను ఉపాధ్యాయులు బడి విడిచిరి. వాదము వేఱు, పిల్లల గతి ఒక్కటే. ఆర్జెంటీనా దేశమున తఱుచు జరిగిన ఉపాధ్యాయుల సమ్మెలను ఆర్థికవేత్తలు పరిశీలించి, బాల్యమున ఆ సమ్మెలకు లోనైనవారు పెద్దయిన పిమ్మట సంపాదనలో నూటికి రెండు మూడు పాళ్ళు వెనుకబడిరని 2019లో ప్రకటించిరి.

మన పెద్ద లీ చిక్కు నెఱుగనివారు కారు. 1920 డిసెంబరున నాగపురమున కూడిన కాంగ్రెసు ప్రభుత్వ పాఠశాలలను విడువుమన్నది. అయితే పదునాఱేండ్లు నిండనివారి విషయమున ఆ పిలుపు తల్లిదండ్రులకే గాని పిల్లలకు కాదు. మఱియు, విడిపించినతోడనే జాతీయ పాఠశాలలలోనో వేఱొక విధముననో వారికి చదువు ఏర్పఱుపవలెనని ఆ తీర్మానమే పలికినది. అన్నియు నెఱవేఱెనని మేము చెప్పము. ధనము చాలక పెక్కు జాతీయ పాఠశాలలు మూతపడెను. కాని ఆ తలంపైనను వారికి కలిగెను. మేము 2011లో తీర్మానపు మొదటి సగమును మాత్రమే ఆచరించితిమి.

సాధనములు లేకపోలేదు. ఆ ఉద్యమమున రహదారులపై వంటావార్పు చేసితిమి. గుండిగలు దింపి, వచ్చిపోవువారి కందఱికిని విస్తళ్ళు వేసితిమి. నాలుగడుగుల దూరమున బడి తాళము వేసి యుండెను. అందలి పిల్లలకు ఇదే అన్నము రోజును పెట్టుదమని మాలో ఒక్కరికిని తోచలేదు. చదువుకొన్న యువకు లెందఱో జెండాలు మోయుచుండిరి. చావడిలో గంటసేపు పలక పట్టించుటకు వారిలో ఇద్దఱు చాలియుందురు.

ఇకమీద ఎవరైన సమ్మె నోటీసుతో మాయొద్దకు వచ్చినచో రుసుము లేకయే వ్రాసిపెట్టుదుము. అయితే ఏ ఊర పిల్లలకు ఎవరు వండుదురో, ఎవరు చదువు చెప్పుదురో ఆ పేర్లు తెచ్చినపిమ్మటనే కలము తీయుదుము.