ఏ రోజు మన్నా ఆ రోజుకే



నేను డల్లాస్‌లో ఐటీ కన్సల్టెంటుని. ఉద్యోగం పోయి ఇవాళ్టికి 41 రోజులు. హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువని మీకు తెలిసిందే; 2017 నుంచి అదే నిబంధన. క్యాలెండరులో రోజుకొక గడి కొట్టేస్తున్నాను. రెండో తరగతి చదివే మా పాప "ఆ గీతలేంటి డాడీ?" అంటే జవాబు చెప్పలేకపోయాను.

గుంటూరు నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతుంది: "ఇవాళ అందరూ తిన్నారా బాబూ?" మొదట్లో విసుగొచ్చేది. నా బాధ వీసా గురించైతే ఆవిడ అన్నం గురించి అడుగుతుందేమిటని!

ఒక రాత్రి నిర్గమకాండము 16వ అధ్యాయం చదివాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ఇచ్చాడు, ఏ రోజుది ఆ రోజుకే. భయపడి మర్నాటికి దాచుకున్నది పురుగు పట్టింది. విశ్రాంతి దినం ముందురోజు మాత్రం రెండింతలు. అలా నలభై ఏళ్ళు. దారి ఎన్ని మలుపులు తిరిగినా మన్నా తప్పలేదు.

దేవుడు మారనివాడంటే నా వీసా ఖాయమని కాదు. తిరిగి వెళ్ళాల్సివస్తే వెళతాం. అక్కడా ఆయనే ఉన్నాడు. దరఖాస్తులు పంపుతూనే ఉన్నాను. మన్నా అయినా గుడారం బయటికెళ్ళి ఏరుకోవలసిందే కదా!

నిన్న పాపకి జవాబు చెప్పాను: "దేవుడు మనల్ని ఇన్ని రోజులు చూసుకున్నాడని లెక్క, తల్లీ."

అమ్మ ఫోన్ చేసే వేళయింది. సెలవు.